చప్పుళ్ళ మీద టాక్స్

మార్చి 4, సాయంత్రం 5

అమ్మ పేరు మీద ఉత్తరం వచ్చింది. అద్దె సాయం ఇచ్చే ఆఫీసు నుంచి. రెండేళ్ళుగా మీ ఖాతాలో వేరే ఆదాయం పడుతోంది, మీరు చెప్పలేదు, మూడు వారాల్లో సంజాయిషీ ఇవ్వకపోతే సాయం ఆపేస్తాం, ఇచ్చింది కూడా వెనక్కి తీసుకుంటాం అని. అమ్మ నిలబడే రెండుసార్లు చదివింది. లాండ్రీ షాపులో ఇస్త్రీ చేసే దానికి వేరే ఆదాయమేంటని నన్నే అడిగింది.

ఆ ఆదాయం నేనే.

పదిహేనేళ్ళప్పుడు మొదలుపెట్టాను. చప్పుళ్ళు రికార్డ్ చేసి వెబ్‌సైట్‌లో అమ్ముతా. తలుపు కిర్రుమనడం, కుళాయి కారడం, మెట్ల మీద చెప్పులు. వీడియోలు తీసేవాళ్ళు, గేమ్స్ చేసేవాళ్ళు కొనుక్కుంటారు. మైనర్‌కి అకౌంట్ ఇవ్వరు కాబట్టి అమ్మ పేరు, అమ్మ బ్యాంకు ఖాతా ఇచ్చాను. ఏవో ఫోన్ డబ్బులు పడుతున్నాయని అమ్మకి తెలుసు. వాటిని ఆదాయం అంటారని తోచలేదు. నిజం చెప్పాలంటే నాకూ తోచలేదు.

మార్చి 5

బాబాయ్ వచ్చాడు. అడక్కుండానే సలహాలిచ్చే మనిషి, ఇవాళ అమ్మ అడిగేసరికి ఇంకా రెచ్చిపోయాడు. లాప్‌టాప్ మొత్తం తుడిచెయ్యమన్నాడు. ఆ డబ్బు తనే పంపానని చెప్తానన్నాడు. ఆడపిల్ల పేరు ఒకసారి గవర్నమెంట్ ఫైల్లోకి ఎక్కితే కాలేజీ సీటు దగ్గర్నుంచి ఉద్యోగం దాకా వెంటాడుతుందట. అమ్మ ముఖం పాలిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఈయన మా ఇంటికి ఎప్పుడైనా పావుకిలో టీపొడి తెచ్చాడా, డబ్బు పంపాడంటే ఎవరైనా నమ్మడానికి?

మార్చి 6

రికార్డ్ చేద్దామంటే ఇంట్లో ఇవాళ ఏ చప్పుడూ లేదు.

మార్చి 9, మధ్యాహ్నం 2

టాక్స్ వాళ్ళ సైట్లో గైడ్ ఉంది. తొంభై పేజీలు. రాసినవాడు మనుషులు చదువుతారని అనుకుని ఉండడు. ముప్ఫై ఒకటో పేజీలో ఉంది విషయం. పిల్లలు సొంత నైపుణ్యంతో, సొంత శ్రమతో సంపాదించింది తల్లిదండ్రుల ఆదాయం కాదు. పిల్లల పేరు మీదే రిటర్న్ వెయ్యాలి, పిల్లలే పన్ను కట్టాలి. చదువుకునే పిల్లల సంపాదన అద్దె సాయం లెక్కలోకి కూడా రాదు.

ఇంకో పేజీలో ఇంకోటి. పని కోసం పెట్టిన ఖర్చు ఆదాయంలోంచి తీసెయ్యొచ్చట. అంటే మైక్. అంటే రికార్డింగ్ కోసం నేను పగలగొట్టిన పన్నెండు పింగాణీ పళ్ళేలు కూడా. వాటి బిల్లు నా దగ్గరుంది. కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను.

మార్చి 12

అమ్మ కొంప ముంచింది.

ఆ ఆదాయం ఎవరిదో రాసిన కాగితం టాక్స్ ఆఫీసు నుంచి తెమ్మన్నారు అద్దె ఆఫీసు వాళ్ళు. వెళ్ళాం. నాలుగో నంబర్ కౌంటర్లో కళ్ళజోడు మేడమ్. ముప్ఫై ఒకటో పేజీ ప్రింట్ తీసి పెట్టుకుని నేను నోరు తెరిచేలోపే, ఆ చప్పుళ్ళన్నీ తనే చేశానని, పిల్లకేం సంబంధం లేదని అమ్మ చెప్పేసింది. మేడమ్ రాసేసుకుంది. కాదండీ నేను, అన్నాను. మేడమ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. పద్దెనిమిదో తారీఖు రుజువుతో రమ్మంది. రుజువు లేకపోతే అకౌంట్ ఎవరి పేరు మీదుంటే ఆదాయం వాళ్ళదేనంది.

బయట మెట్ల మీదే దెబ్బలాడుకున్నాం. ఇల్లు పోతే ఇంకో ఇల్లు చూసుకుంటాం, నీ పేరు పాడైతే ఎక్కణ్ణుంచి తేను అంది అమ్మ. బాబాయ్ మాటలు బాగా ఎక్కాయి. రెండేళ్ళు నేను చేసిన పనిని, నా మంచికోసమని, నా దగ్గర్నుంచి లాగేసుకుంది. కోపమొచ్చింది. ప్రేమ కూడా వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో తెలీక బస్సులో వేరే సీట్లో కూర్చున్నాను.

మార్చి 13

సైట్లో పేరు అమ్మది. ఫోటో అమ్మది. సంతకం అమ్మది. నేనెక్కడా లేను.

మార్చి 15, ఉదయం 10

లాప్‌టాప్ నిండిపోయింది, 'చెత్త' ఫోల్డర్ తీసేద్దామనుకున్నాను. అందులో ఉన్నవి కత్తిరించకముందు రికార్డింగులు. అమ్మేది మధ్యలో ముక్క మాత్రమే. డిలీట్ నొక్కేముందు ఎందుకో ఒకటి విన్నాను.

ప్రతి ఫైల్ మొదట్లో నా గొంతు. తేదీ, వస్తువు, ఎన్నో టేక్. తర్వాత వెతుక్కోవడానికి వీలుగా ఉంటుందని మొదటిరోజు నుంచీ చెప్తూనే ఉన్నా. పదకొండు వందల ఫైళ్ళు. మొదటివాటిలో గొంతు చిన్నపిల్లది. వెనకాల ఇంకో గొంతు కూడా ఉంది. ఎవరిదో విని పడీపడీ నవ్వాను.

అమ్మకి చెప్పలేదు. చెప్తే ఆఫీసుకి రాదు.

మార్చి 18, సాయంత్రం 4

ముందు కూర్చుని ఊపిరి పీల్చుకోనీ.

మేడమ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టి ప్లే నొక్కాను. నా గొంతు: తేదీ, స్టీలు గ్లాసు, నాలుగో టేక్. గ్లాసు పడింది. వెంటనే వంటింట్లోంచి అమ్మ, ఏం పడేశావే అని. రెండోది కుళాయి. నీళ్ళకి బిల్లు మీ నాయనమ్మ కడుతుందా అని అమ్మ. మూడోది పళ్ళెం. నా గొంతు చాలా స్పష్టంగా, పళ్ళెం, పగలాలి, మూడో టేక్ అంది. ఫెళ్ళున పగిలింది. మళ్ళీ జారిందా, చేతులేమన్నా నూనెలో ముంచుకొచ్చావా అని అమ్మ.

పక్కన కూర్చున్న అసలు అమ్మ నెమ్మదిగా నా వైపు తిరిగింది. చెయ్యి జారిందనే చెప్తూ వచ్చాను మరి.

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఈ పని మీరే చేస్తే మిమ్మల్ని మీరే తిట్టుకున్నారా అని అమ్మని అడిగింది. పక్క కౌంటర్ల వాళ్ళు కూడా చేరారు. ఇంకోటి, ఇంకోటి అంటూ పదిహేడు ఫైళ్ళు విన్నారు. ఇలా రిటర్న్ వేస్తే ఏ కాలేజీ సీటూ పోదా అని అమ్మ చిన్నగా అడిగింది. వెయ్యకపోతేనే ఇబ్బంది అంది మేడమ్. మొన్న రాసుకున్నది కొట్టేసి, అమ్మాయి సొంత శ్రమ అని రాసి, సంతకం పెట్టింది. ఆలస్యానికి జరిమానా మాత్రం తప్పదంది. అది కూడా నా చెవికి పాటలాగే వినబడింది. పళ్ళేల బిల్లు చూసి, ఖర్చే, రాసుకో అంది.

బస్ స్టాప్‌లో అమ్మ అడిగింది, పన్నెండూ కావాలనే పగలగొట్టావా అని. ఊఁ అన్నాను. బిల్లు దాచుకున్నావు కాబట్టి బతికిపోయావంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని ఇల్లు చేరేదాకా వదల్లేదు. నాకు ఏడుపొచ్చింది. బస్సులో అందరిముందూ ఏడ్చాను, సిగ్గు లేకుండా.

ఏప్రిల్ 2, ఉదయం 11:20

కట్టేశాను. జరిమానాతో కలిపి మూడు నెలల సంపాదన పోయింది. బాధ లేదంటే అబద్ధం. కానీ రసీదు మీద నా పేరుంది. వృత్తి అన్నచోట, సౌండ్ రికార్డింగ్, స్వయం ఉపాధి. ఇంట్లో అందరూ ఫోన్ ఆటలు అనేవాళ్ళు. గవర్నమెంట్ వృత్తి అంటోంది.

అద్దె సాయం కొనసాగుతుందని మెసేజ్ వచ్చింది. రసీదు ఫోటో బాబాయ్‌కి పంపాను. ఫోన్ చేసి, తను చెప్పినట్టు చేశాం కాబట్టే పనయిందన్నాడు. పోనీలే అనుకున్నా. ఇవాళ ఎవరి మీదా కోపం రావట్లేదు.

ఏప్రిల్ 6

బట్టలివ్వడానికి షాపుకొచ్చినావిడ, మీ అమ్మాయి ఏం చేస్తుందని అమ్మని అడిగిందట. టాక్స్ కడుతుంది అని చెప్పిందట అమ్మ.