నెల తప్పలేదమ్మా, ఆగింది

అమీర్‌పేట.

అమ్మకు చంద్రిక నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్న మోకాలి నొప్పి తగ్గి ఉంటుందనుకుంటున్నాను. ఫోన్ చేయక ఉత్తరం రాస్తోందేమిటని కంగారుపడకు. నువ్వు ఫోన్ స్పీకర్‌లో పెట్టి కూరగాయలు తరుగుతావు. ఈ సంగతి వాకిట్లో అందరూ వినేది కాదు.

పచ్చడి సీసాతో పంపిన చీటీలో రెండు ప్రశ్నలు అడిగావు. కొత్త ఉద్యోగం బాగుంది. కోచింగ్ సెంటర్‌లో రోజూ మూడు బ్యాచ్‌లకు పాఠం చెబుతున్నాను. "ఏమన్నా విశేషమా?" అన్నదానికి జవాబు కాస్త పెద్దది.

ఈ ఇంట్లో నెలసరి రోజుల్లో దేవుడి గదిలోకి వెళ్లకూడదు. రెండు నెలలుగా నేను ఒక్కరోజూ దీపం మానలేదు. అత్తమ్మ అది కనిపెట్టింది. నన్నేమీ అడగలేదు గానీ, నా చేతిలోని బొప్పాయి ముక్క లాక్కుని మామయ్యకు ఇచ్చింది. ఎదురింటి బతూల్ ఆంటీ గిన్నెడు ఖీర్ పంపింది. వాచ్‌మన్ నర్సింహులు నా స్కూటీకి అడ్డం నిలబడ్డాడు. "పెద్దమ్మ చెప్పింది మేడం, మీరు బండి నడపొద్దంట" అన్నాడు.

అప్పుడైనా నేను నోరు తెరవాల్సింది. తెరవలేదు.

మూడు వారాలయ్యాక, పోయిన శనివారం అత్తమ్మే నన్ను పంజాగుట్టలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. నేను ఎప్పుడూ చూపించుకునే ఆవిడే. మా ఆయన రాకేశ్ ఆఫీసులో మీటింగని తప్పించుకున్నాడు. డాక్టరమ్మ నా ఫైలు తెరిచి, ఈమె ముందు చెప్పొచ్చా అన్నట్టు చూసింది. నేను తలూపాను.

"ఎన్నో నెల మేడం?" అంది అత్తమ్మ.

"ఏ నెలా కాదమ్మా. పిల్లలు ఇప్పుడే వద్దని మూడు నెలలకోసారి ఇంజక్షన్ తీసుకుంటోంది. రెండోది కూడా అయింది."

"మరి నెల తప్పింది గద?"

"తప్పలేదు, ఆగింది. మామూలుగా నెలకో అండం విడుదలవుతుంది. ఈ మందు దాన్ని ఆపుతుంది. గర్భసంచి లోపలి పొర కూడా పలచగానే ఉంటుంది. రాలడానికి ఏమీ లేకపోతే నెలసరి రాకపోవచ్చు. కొందరికి మొదట్లో మధ్యమధ్య కాస్త కనిపించి, తర్వాత ఆగిపోతుంది."

"గా చెడు రక్తమంత లోపల్నే జమ అయితలేదా?"

"జమ కావడానికి అసలు తయారే కావట్లేదమ్మా. ఇంజక్షన్ మానేస్తే మళ్లీ వస్తుంది. కొన్ని నెలలు ఆలస్యం కావచ్చు, అంతే."

బయటికొచ్చి అత్తమ్మ మెట్రో మెట్ల దాకా చరచరా నడిచింది. అక్కడ ఆగింది.

"రాకేశ్‌కు ఎరుకేనా?"

"ఎరుకే అత్తమ్మా. ఇద్దరం అనుకునే తీసుకున్నం."

"మరి నాకెందుకు చెప్పలె?"

ఇదేనమ్మా నీకు చెప్పాలనుకున్నది. భయపడి దాచానన్నాను. అది సగమే నిజం. పెళ్లయిన ఏడాదిలో ఆమె నాతో ముద్దుగా మాట్లాడింది ఆ మూడు వారాలే. రోజూ దానిమ్మ గింజలు వలిచి నా టిఫిన్ డబ్బాలో పెట్టేది. సిగ్గులేకుండా తిన్నాను. ఆ మాట కూడా ఆమెకు చెప్పేసి, జనం చూస్తుండగా ఏడ్చాను.

అత్తమ్మ కొంగుతో నా ముక్కు తుడిచింది. "నాకు పద్దెనిమిదేండ్లకే రాకేశ్ పుట్టిండు. వరుసగ నలుగురు. గిట్ల ఆపొచ్చని గప్పుడు నాకు ఒక్కలు సుత చెప్పలె. నీకు ఎప్పుడనిపిస్తే అప్పుడే కను బిడ్డా. గని ఖీర్ పంపినోళ్లకు నేనేం చెప్పాలె?"

దారి ఆమే వెతుక్కుంది. అదే సాయంత్రం బతూల్ ఆంటీని, పై అంతస్తు సంగీతను కూర్చోబెట్టి, అండం దగ్గర్నుంచి మొదలుపెట్టి పూసగుచ్చినట్టు చెప్పింది. మర్నాడు ఎనిమిది మంది వచ్చారు. "ఎవలికి ఏ మందు పడ్తదో నేను చెప్ప. డాక్టరమ్మను అడగాలె" అని అందరికీ గట్టిగా చెబుతోంది. సోమవారం సంగీతను తనే పంజాగుట్ట తీసుకెళ్తోంది. పాపం మామయ్య పేపరు పట్టుకుని మెట్ల మీద కూర్చుంటున్నాడు.

చెల్లి మధులత పెళ్లిమాటలకు అత్తమ్మ ఆదివారం మన ఇంటికి వస్తుందట. అబ్బాయి తల్లితో కొన్ని విషయాలు తనే మాట్లాడుతుందట. నాన్నకు ఆ పూట పొలం పనేదైనా చెప్పి పంపించెయ్.

ఇట్లు,
నీ పెద్దబిడ్డ
చంద్రిక