చప్పుడు లేని గది

అన్నయ్యకు,

మేము క్షేమమని రాయలేను. ఆయన షాక్ కొట్టి పోయింది తన అజాగ్రత్త వల్లేనని కంపెనీకి రాసిచ్చావట. మేనేజరువి, రాయక తప్పదులే.

పంపు మొదట మెరక మీద, పొడి నేలలో బిగించి ఉండేది. దాని చప్పుడుకు తలనొప్పి వస్తోందని నీ గది పక్కనుంచి తీయించి, వాననీళ్లు నిలిచే గుంటలో పెట్టించావు. "కనీసం దిమ్మె కట్టించు బావా, ఎర్త్ వైరు వేయించు" అని ఆయన నీ చుట్టూ కాళ్లరిగేలా తిరిగారు. "నీళ్లంటే అంత భయమైతే ఇంట్లో కూర్చో బావా" అని అందరి ముందూ నవ్వావు. వానకు గుంట నిండిన రోజు, పని ఆగకూడదని నువ్వే ఆయన్ని అందులోకి దింపావు.

నీ తలనొప్పి తగ్గిందనుకుంటాను. నీ గదిలో ఇప్పుడు చప్పుడు ఉండదు. మా ఇంట్లోనూ లేదు.

నీ చెల్లెలు