బావ చెప్పని సగం

నలుగురిలో బావ చేతిలోని తాళాలు లాక్కున్నానని ఒకవైపే విని నన్ను తిట్టావు నాన్నా, అది అన్యాయం. ఆయన మింగేసిన సగం ఇది.

అక్కనీ పిల్లల్నీ తీసుకుని సెలవులకి మనింటికి వస్తూ మా టైర్ల షాపు దగ్గర ఆగాడు. కారు వెనక టైరు పక్క భాగాన నిమ్మకాయంత ఉబ్బు. హైవే పెనంలా కాలుతోంది, బండి మీద సామాను కొండంత. మార్చమంటే, "నిన్నటిదాకా ముక్కు తుడుచుకోవడం రానివాడివి, నాకు చెప్తావురా? ఎండకి ఉబ్బింది. కాస్త గాలి తీసెయ్, సర్దుకుంటుంది" అన్నాడు.

"గాలి తగ్గితే ఇంకా వేడెక్కి పేలుతుంది బావా!"

వింటేనా! తాళాలు లాక్కుని అక్కనీ పిల్లల్నీ దింపేశాను. పావుగంటకి, నిలబడ్డ బండికే ఆ టైరు ఢామ్మని పేలింది. "ఇకనుంచి వీడు సరేనంటేనే ఇక్కణ్ణుంచి బండి కదలాలి" అని మా షాపు ఓనరు అందరి ముందూ అన్నాడు!

అమ్మ మోకాలు తగ్గిందా? నా పొడుగు చేతుల చొక్కా అక్కతో పంపు.

బావ పేలిన టైరొక్కటే మార్చాడు. మిగతా మూడూ దాని ఈడువే. ఆదివారం పిల్లలు ఆ బండిలోనే తిరిగి వెళ్లాలి. మూడూ మార్పించానని నీ చేత్తో రాసిన కార్డు శుక్రవారానికల్లా నాకు అందాలి. అందకపోతే శనివారం పొద్దున్నే టైర్లు భుజాన వేసుకుని నేనే దిగుతాను.