కాళ్ళ క్రీము, పద్నాలుగో బ్యాచ్

జూన్ 2, సోమవారం
కందిబేడా, నా బిడ్డా! ఈరోజే మొదలుపెట్టాను. నువ్వు చివరగా చేసిన కాళ్ళ పగుళ్ళ క్రీము, పద్నాలుగో బ్యాచ్. మార్చిలో జ్వరంతో ఆసుపత్రికి పోయే ముందు మూడు డబ్బాలు పక్కన పెట్టావు: కిటికీలో ఎండకొకటి, ఫ్రిజ్‌లో ఒకటి, అల్మారాలో ఒకటి. ఆరు నెలలు చెడకుండా ఉంటేనే అంగడికి ఇవ్వాలన్నావు. నువ్వు తిరిగి రాలేదు. ఆ పరీక్ష నేను పూర్తి చేస్తాను. ప్రతి సోమవారం రంగు, వాసన రాస్తాను. అల్మారాది చివరిదాకా మూతే తీయను. దీనికి నా ఐదో తరగతి చదువు చాలదా!

కిటికీ: లేత పసుపు. ఫ్రిజ్: లేత పసుపు. ఎంత సులువు!

జూన్ 9
అన్నీ బాగున్నాయి. మీ నాన్న గోవిందరాజులు తొంగి చూశాడు.
"దానికి కాపలా ఏందే? పారిపోతాందా?"
"నీ మాదిరి పని చూస్తే పారిపోదులే. పో అవతలికి!"

జూన్ 16
కిటికీ డబ్బాలో నూనె పైకి తేలింది. ప్రొద్దుటూరు ఎండకు మనుషులే కరుగుతున్నారు. నీడలోకి జరిపాను. మోసం కాదు, జాలి.

జూన్ 20, శుక్రవారం
నగల అంగడి వాళ్ళ కొత్త కోడలు రజని మొదటిసారి మన గడప తొక్కింది. తాంబూలంలో పెట్టడానికి రవిక గుడ్డ లేదు. ముత్తైదువను వట్టి ఆకువక్కలతో ఎట్లా పంపేది? ఫ్రిజ్ డబ్బా పెట్టి, బొట్టు పెట్టాను.
"ఇంత సల్లగా ఉందేందక్కా?"
"మా ఇంట్లో తాంబూలం ఇట్లే ఇస్తాం."
సిగ్గు లేదు నాకు. పరీక్షకు రెండు చాలవా?

జూన్ 30
పోయిన సోమవారం రాయలేదు. తలనొప్పి.
వేముల నుంచి గొర్రెలు మేపే పెద్దసుబ్బమ్మ వచ్చింది. మడమలు చీలి రక్తం.
"మ్మే, పోయినేడు నీ కూతురిచ్చిన డబ్బాతోనే నడిచినా. ఇంగొకటి ఉందా?"
"పరీక్షలో ఉంది పెద్దమ్మా. ముట్టగూడదు."
"నా కాళ్ళకంటే పెద్ద పరీక్ష యాడుంది?"
కిటికీ డబ్బా ఇచ్చేశాను.
"నీ కూతురు శానా మంచిది. నువ్వే పిసినారిదానివి!" అని తిట్టి మరీ పోయింది.

జూలై 7
మిగిలింది అల్మారా డబ్బా. ఊరికే చూద్దామని మూత తీశాను. పైన నీ వేలి గుర్తు.
రంగు: కళ్ళలో నీళ్ళు, కనపడలేదు.
వాసన: వేపనూనె, తేనెమైనం.
చేతులకు పూసుకున్నాను. మోచేతులకు. మొహానికి కూడా. కాళ్ళ క్రీము మొహానికి! మీ నాన్న వచ్చాడు. ఎగతాళి చేస్తాడనుకున్నాను. పక్కన కూర్చుని చెయ్యి చాపాడు. అడుగున మిగిలింది గీకి పూశాను. పరీక్ష అయిపోయింది.

జూలై 14, సోమవారం
పదిహేనో బ్యాచ్! నేనే కాచాను, నువ్వు నేర్పిన కొలతలతో. నూనె ఎంత, మైనం ఎంత, అంతా రాశాను. కొంచెం గట్టిపడింది. అదీ రాశాను. పరీక్షకు మూడు. అడిగేవాళ్ళకు వేరే. ఈసారి ముట్టను, ఒట్టు!
పనిలో పడితే నువ్వు అన్నం మరిచేదానివి. నా తర్వాత ఈ పుస్తకం చదివి క్రీము కాచేవాళ్ళు అట్లా చేయొద్దు. వేళకు కడుపునిండా తినండి.