అమ్మ చేసిన సొరపిట్టు

మంగళవారం, తార్నాక

పాపకు పన్నెండు రోజులు. నాకు పాలు పడాలని అమ్మ మళ్లీ సొరచేపను ఉడికించి, పొడిపొడిగా వేయించి సొరపిట్టు చేసింది. "కడుపునిండా తినవే, అవే పడతాయి" అంది. తిన్నాను. పడలేదు.

క్యాంపస్ ల్యాబ్‌లో పరిశోధన కోసం, మనం తిన్న చేప ఎలా అరుగుతుందో గాజు గొట్టాల్లో నాలుగేళ్లుగా చూస్తున్నాను. తిన్న సొర నాకు అరుగుతూనే ఉంది. లోపం అక్కడ లేదు. పాప చీకితేనే కదా పాలు పడేది. ఆసుపత్రిలో మొదటిరోజే నర్సు డబ్బాపాలు పట్టేసింది. పాపకు రొమ్ము ఎలా పట్టించాలో ఎవరూ చూపించలేదు. చదువుకున్నదాన్ని కదా, తెలిసే ఉంటుందనుకున్నారు. సిగ్గుపడి నేనూ అడగలేదు.

సాయంత్రం దగ్గరకు తీసుకుంటే పాప మొహం తిప్పేసుకుని గుక్కపట్టి ఏడ్చింది. అమ్మ సీసా అందించింది. పాప గటగటా తాగేసింది.

మిగిలిన పిట్టును అమ్మ రోజూ నాకోసం మూతపెట్టి దాచేది. ఇవాళ తనే తినేసింది.