నేను వద్దనని రోజు

1957 నవంబర్ 4
సుగుణ పోయి పదకొండు రోజులు. ఇరవై ఏళ్ల కాపురం... లచ్చయ్య ఎడ్లబండి మీది ఒక్క టేకు దుంగ జారి ఆమె మీద పడింది. గొలుసు సగమే బిగించాడట. పక్కటెముకలు విరిగిన చప్పుడు విన్నాను.

నవంబర్ 6
ఏసు గుడిలో మెచ్చుకుంటున్నారు. "బడిపంతులు నోట్లెకెళ్లి ఒక్క తిట్టు రాలే. విశ్వాసి అంటే గిట్లుండాలె."
తిట్టు రాలేదు, నిజమే. ఆ గొలుసే లచ్చయ్య మెడకు చుట్టి, కళ్లు బయటికి వచ్చేదాకా... రోజూ అదే తలపు.

నవంబర్ 10, ఆదివారం
వచ్చే నెల మొదటి ఆదివారం ప్రభు సంస్కారం. పగ ఉన్నవాళ్లు ముందు చేతులు కలపాలి, లేకుంటే రొట్టె పంచే బల్ల దగ్గరికి రాకూడదు అన్నారు పాస్టరు అయ్యగారు. ఆఖరి వరుసలో లచ్చయ్య, తల దించుకొని.

నవంబర్ 13
సుగుణ తమ్ముడు ఏసుదాసు వచ్చాడు. అక్క కోసం ఏడవడు. గొడ్డలి కామ చేతిలో తిప్పుతూ —
"బావా, వానికి జర బుద్ధి చెప్పొస్త."
"దేవుడు చూస్తున్నాడు" అన్నాను, మెల్లగా.
"నువ్వైతే వద్దనలే గదా?"
పుస్తకం తెరిచాను. ఒక్క అక్షరం చదవలేదు. వాడి అడుగుల చప్పుడు వాకిలి దాటింది.

నవంబర్ 14
ఏసుదాసు లచ్చయ్య కుడిచెయ్యి విరిచాడు. ఎముక చర్మం చీల్చుకొని వచ్చిందట. విన్నాక ఆకలి వేసింది. రెండోసారి వడ్డించుకున్నాను.

నవంబర్ 17
గుడి ముందు అందరూ ఉండగా లచ్చయ్య భార్య రాజవ్వ —
"నీ నోరు తేనె పంతులూ! తిట్టేది నువ్వు గాదు, కొట్టేది నువ్వు గాదు. వద్దనెతందుకు గుడ నోరు రాలేదా?"
"ఊకో రాజవ్వా, పెద్దమనిషిని..." ఎవరో.
మెట్లెక్కి గుడిలోకి వెళ్లాను.

నవంబర్ 24
ఏసుదాసుతో అన్నాను — ఇక చాలు.
నవ్వాడు. "చెయ్యే గదా బావా, పానం గాదు. ఎడ్లున్నయ్ ఇంక వానికి, గవాటి పని గుడ జూస్త."
అరిచాను. ఏమన్నానో రాయను. చెంప మీద కొట్టాను, పెదవి చిట్లింది. ఇరుగుపొరుగు బయటికి వచ్చారు. గొడ్డలి నా వాకిట్లో పడేసి వెళ్లిపోయాడు.

నవంబర్ 30
లచ్చయ్య ఇంటికి వెళ్లాను. రాజవ్వ తలుపు వేయబోయింది. "రానియ్యి" అన్నాడు లోపలి నుంచి.
చెప్పాను — "ఆ రోజు నేను వద్దనలేదు. అనాలనీ అనుకోలేదు."
లచ్చయ్య కట్టు కట్టిన చెయ్యి చూసుకుంటూ, "ఆ దినం ఎడ్లు ఆగలే సారూ. గొలుసు సగమే కట్టిన. నేనే."
చేతులు లేచాయి. కొట్టడానికే. వాటి మీద కూర్చున్నాను.

డిసెంబర్ 1, ఆదివారం
అయ్యగారు మా ఇద్దరి పేర్లూ పిలిచారు. కుడిచెయ్యి కట్టులో ఉంది. లచ్చయ్య ఎడమచెయ్యి చాపాడు. "గా చెయ్యా! తప్పు గదా..." అని గొణుగుడు.
పట్టుకున్నాను. గట్టిగా. అతను పళ్లు బిగించాడు. ఇంకా నొక్కాను.
క్షమించాను అనే మాట కోసం అయ్యగారు ఆగారు. ఊరికే అనేయొచ్చు. మెల్లగా, మర్యాదగా, నాకు చేతనైనట్టు... అనలేదు. రొట్టె తీసుకోకుండా బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను.
వెనకాల అడుగులు. లచ్చయ్య. అతనూ తీసుకోలేదు. నాకు రెండు మెట్ల కింద కూర్చున్నాడు.
లోపల పాట మొదలైంది. ఇద్దరం బయటే —