గంగయ్యలో నా వాటా

రాజమండ్రి దానవాయిపేటలో నివాసముంటున్న, కీర్తిశేషులు పుల్లేటికుర్తి విశ్వపతి గారి కుమార్తెను, మహిళా కళాశాలలో కామర్స్ చెప్పి రిటైరైన దాన్ని, అవివాహితను, అరవై ఏడేళ్ళ పుల్లేటికుర్తి కనకవల్లి అను నేను, నా తదనంతరం నా ఆస్తి గురించి ఎవరూ తగవు పడకుండా ఈ వీలునామా స్వహస్తాలతో రాసి ఉంచుతున్నాను. బీపీకి మాత్ర వేసుకుంటున్నాను, మోకాళ్ళ నొప్పులున్నాయి, మతి మాత్రం నిక్షేపంగా ఉంది. ఎవరి ఒత్తిడీ లేదు. ఒత్తిడి పెట్టడానికి ఇంట్లో ఇంకొకరుంటే కదా.

ఇంతకుముందు వేరే వీలునామా ఏదీ నేను రాయలేదు. దీన్ని అమలు జరిపే బాధ్యత నా తమ్ముడి కూతురు హరిచందనకు అప్పగిస్తున్నాను.

1. నా స్వార్జితమైన ఫ్లాటు సర్వహక్కులతో హరిచందనకు చెందాలి. దాన్ని అద్దెకిస్తే, వంటింటి కిటికీ వానాకాలంలో ఉబ్బి మూసుకోదని వచ్చేవాళ్ళకు ముందే చెప్పాలి. నాకు ఎవరూ చెప్పలేదు.

2. నాన్నగారి చేతిగడియారం, వెండి కంచం నా తమ్ముడు భాస్కరానికి. హరిచందన పెళ్ళిలో వియ్యాలవారికి నన్ను పరిచయం చేస్తూ, "మా అక్కయ్యండి, రిటైరయ్యాక ఏదో కంప్యూటర్లో కాలక్షేపం చేసుకుంటూ ఉంటుందండి" అన్నాడు. ఆ కాలక్షేపం ఏమిటో కింద నాలుగో అంశంలో రాశాను. వాడు దాన్ని కూర్చుని చదవాలి. చదివాకే గడియారం ఇవ్వాలి.

3. కుట్టుమిషను మా అపార్టుమెంటు వాచ్‌మన్ భార్యకు. రోజూ తలుపు కొట్టి "పాలు తేవాలాండి?" అని అడిగేది. అవసరం లేకపోయినా తెమ్మనేదాన్ని, ఆ కాసేపూ మాట్లాడుతుందని. ఇంట్లో ఎప్పుడూ పెరుగు ఎక్కువైపోయేది. సాక్షి సంతకం చేసేవారికి ఆస్తి ఏదీ రాయకూడదంటారు గనుక, కింద సాక్షి సంతకం చేస్తున్న రత్నమాణిక్యం గారు అడుగుతూ వచ్చిన ఆవకాయ జాడీ ఇందులో చేర్చలేదు. నిన్ననే వాళ్ళింట్లో పెట్టి వచ్చాను.

4. ఇప్పుడు అసలు ఆస్తి.

"గాదె" అనే ప్రోగ్రాం ఒకటి ఉంది. రైసుమిల్లు లెక్కలు చూసుకోవడానికి భీమవరంలో చదువుకునే కుర్రాళ్ళు దాన్ని తయారుచేసి, ఎవరైనా ఉచితంగా వాడుకోండి, లోపల ఏముందో చూసుకోండి, కావాలంటే మార్చుకోండి అని నెట్‌లో వదిలేశారు. దాని తెలుగు మాన్యువల్‌ను కూడా అలాగే చాలామందిమి కలిసి రాశాం. ప్రతి పేజీ అడుగునా దాన్ని రాసినవాళ్ళ పేర్లుంటాయి. ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, దిద్దుకోవచ్చు, ఆ పేర్లు మాత్రం తీసేయకూడదు. ఇదీ మా లైసెన్సు. ఎవరు రాసినదాని మీద కాపీరైటు వాళ్ళదే. వాళ్ళు పోయాక అరవై ఏళ్ళపాటు వారసులది. అందుకే ఇది వీలునామాలోకి వచ్చింది.

మండపేటలో మిల్లు గుమాస్తాగా చేసే ఎజ్రా గారు, నేను కలిసి చాలా పేజీలు రాశాం. లెక్కకు ఉదాహరణ కావలసి వచ్చి ఆయన గంగయ్య అనే రైతును పుట్టించారు. గంగయ్య తడి ధాన్యం తెచ్చాడు, తరుగు ఎంత తీయాలి? తరువాతి పేజీ రాస్తూ నేను ఆ తరుగు దగ్గర గంగయ్య చేత పెద్ద గొడవ పెట్టించాను. ఆయన గంగయ్యకు ట్రాక్టరు కొనిపెట్టారు. నేను దాన్ని బాడుగకు తిప్పించాను. తవుడు లెక్కలకు వచ్చేసరికి గంగయ్యకు రెండు గేదెలు, చెప్పిన మాట వినని ఒక బావమరిది ఉన్నారు. పేజీలో మార్పు చేసినప్పుడు కారణం రాయడానికి చిన్న గడి ఉంటుంది. మేం మాట్లాడుకున్నదంతా ఆ గడిలోనే. "మేడమ్ గారండీ, గంగయ్యని మరీ పిసినారిని చేసేశారండి, అలాంటోడు కాదండి" అని రాసేవారు. ఒక్కదాన్నే కూర్చుని పైకి నవ్వేదాన్ని. పొద్దున్నే కాఫీ కంటే ముందు ఆ గడి చూసుకునేదాన్ని. ఆయన మొహం నేనెప్పుడూ చూడలేదు. ఫోను నంబరు ఆయన అడగలేదు, నేను ఇవ్వలేదు.

కిందటేడు వానాకాలంలో ఆ రాతలు ఆగిపోయాయి. "గంగయ్యకి కొత్త గోనెసంచులు కావాలండి, రేపు రాస్తానండి" అన్నదే చివరిది. నెల్లాళ్ళు చూసి బస్సెక్కి మండపేట వెళ్ళాను. మిల్లు మిల్లుకీ వెళ్ళి అడిగాను. ఒకచోట సూపర్‌వైజరు, "ఆయన మానేశారండి. ఊళ్ళో కూడా లేరండి. ఇంతకీ తమరేమవుతారండి ఆయనకి?" అన్నాడు. నమస్కారం పెట్టి బస్టాండుకు వచ్చేశాను. తిరుగు బస్సులో ఏడుపొచ్చింది.

5. ఈలోగా శశిభూషణ్ లైసెన్సు మార్చాలన్నాడు. గాదెను తయారుచేసిన కుర్రాళ్ళలో ఒకడు, ఇప్పుడు మాన్యువల్ కమిటీ చూస్తున్నాడు. చెడ్డవాడు కాదు. కాటా మిషన్ల కంపెనీ ఒకటి ఈ మాన్యువల్‌ను మిషను తెర మీదే చూపిస్తుందట. అరచేయంత తెర మీద అన్ని పేర్లు పట్టవట. పేర్లు వేయనక్కర్లేదని రాసినవాళ్ళంతా ఎవరికి వారు ఒప్పుకోవాలి. ఒప్పుకోనివాళ్ళవీ, జవాబు ఇవ్వనివాళ్ళవీ తీసేసి కొత్తగా రాయిస్తారు. అందరూ ఒప్పుకున్నారు. మిగిలింది ఎజ్రా గారు, నేను.

"మాన్యువల్‌కి అడ్మిన్ మీరే కదండీ మేడమ్. ఒప్పుకున్నవాళ్ళ జాబితాలో ఆయన పేరు ఎదురుగా మీరే టిక్ పెట్టేయండి, ఎవరడుగుతారండి?" అన్నాడు శశిభూషణ్. టిక్ పెడితే గంగయ్య ఉంటాడు. నిజం చెప్తున్నాను, రెండు రోజులు ఆలోచించాను. పెట్టలేదు. ఆయన చెప్పాల్సిన జవాబు నేను చెప్పేస్తే, ఆయన ఇక రారని నేనే ఒప్పుకున్నట్టు. పేజీలు తీసేస్తే గంగయ్య ఉన్న చోటల్లా "ఒక రైతు" అని రాయిస్తారట. ఉద్యోగం చేసినంత కాలం క్లాసులో ఆ ఒక రైతుతోనే లెక్కలు చెప్పాను. వాడికి గేదెలు లేవు, బావమరిది లేడు, వాడి గురించి నాకు ఎవరూ ఏమీ రాయలేదు.

6. గంగయ్య నాకూ ఎజ్రా గారికీ పంపకం కాని ఉమ్మడి ఆస్తి. ఏ వాక్యం ఎవరిదో విడదీయడం నా వల్ల కాదు, కమిటీ వల్లా కాదు. అందులో నా వాటా, దాని మీది కాపీరైటుతో సహా, ఎజ్రా గారికి చెందాలి. ఆయన ఆచూకీ తెలిసేదాకా హరిచందన దాన్ని కాపాడాలి. పాత లైసెన్సుతో, మా పేర్లతో ఉన్న మాన్యువల్‌ను ఎవరైనా చూసుకునేలా నెట్‌లో వేరే చోట ఉంచాలి. దాని ఖర్చు నా బ్యాంకు డిపాజిట్టు వడ్డీలోంచి కట్టుకోవాలి. కొత్త లైసెన్సుకు నా తరఫున ఎజ్రా గారు తప్ప ఎవరూ సమ్మతి ఇవ్వకూడదు.

7. నా లాప్‌టాప్ శశిభూషణ్‌కు. బాబూ, నీ మీద కోపం లేదు. ఎజ్రా గారు ఎప్పుడైనా కనబడితే నువ్వే అడుగు. ఆయన సరేనంటే నాదీ సరే. వద్దంటే నాదీ వద్దు. ఆయన దగ్గర్నుంచి జవాబు రాకపోతే నా దగ్గర్నుంచి కూడా రాలేదనే రాసుకో. మా ఇద్దరి పేజీలూ ఒకే రోజున తీసెయ్యి.

పైన రాసినదంతా మరోసారి చదువుకుని, మార్చాల్సింది ఏమీ లేదని తేల్చుకుని సంతకం చేస్తున్నాను.

రాజమండ్రి, 14 నవంబరు 2025, శుక్రవారం.

(సంతకం) పుల్లేటికుర్తి కనకవల్లి

కనకవల్లి గారు మా ఎదుట సంతకం చేశారు, ఆమె ఎదుట మేము చేశాము:

1. రత్నమాణిక్యం, రిటైర్డ్ లెక్చరర్, దానవాయిపేట
2. జగన్నాథరావు, కింది అంతస్తు, అదే అపార్టుమెంటు